మిగిల్చింది అసలుకు చేరితేనే: గృహరుణం ముందుగా తీర్చే ఇంటి లెక్క

గృహరుణం తీసుకున్న ఇళ్లకు పొదుపు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈఎంఐ మొదలైన నెల నుంచే ప్రతి ఖర్చూ ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టడం అలవాటవుతుంది. అయినా ఏడెనిమిదేళ్లు అలా చేయి బిగించుకుని గడిపిన కుటుంబం రుణ ఖాతా తెరిచి చూసుకుంటే, చాలాసార్లు అప్పు ఆశించినంత తగ్గి ఉండదు. పొదుపు చేయకపోవడం వల్ల కాదు. మిగిల్చిన సొమ్ము అప్పు దాకా చేరకపోవడం వల్ల. ఖర్చు తగ్గించుకోవడం ఒక పని, తగ్గించిన మొత్తాన్ని రుణంలోని అసలుకు జమ చేయడం మరో పని. మొదటిది ఎంత కష్టపడి చేసినా రెండోది జరగకపోతే సేవింగ్స్ ఖాతాలో నాలుగు రోజులు నిలిచిన డబ్బు ఐదో రోజు ఇంకేదో అవసరానికి కరిగిపోతుంది.

ఈ రెండో పని ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే రుణ పట్టికను, అంటే ఏ నెల ఈఎంఐలో వడ్డీకి ఎంత, అసలుకు ఎంత పోతుందో వరుసగా చూపే పట్టికను, కాస్త దగ్గరగా చూడాలి. ఏ దేశపు డబ్బయినా లెక్క మారదు కనుక లక్ష అప్పును ఉదాహరణగా తీసుకోవచ్చు. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు కట్టాల్సిన ఈఎంఐ దాదాపు 900. మొదటి నెల కట్టిన 900లో 750 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 150 మాత్రమే. ఇందులో మోసం లేదు. ఆ నెల లక్ష మీద అయిన వడ్డీ అంతే మరి. కానీ దీని ఫలితం చాలామందికి మింగుడుపడదు. గడువులో సగం, అంటే పదేళ్లు గడిచేసరికి ఇంకా 71 వేలు బాకీ ఉంటుంది. అప్పు సగానికి దిగేది 14 ఏళ్లు నిండాకే. ఈఎంఐలో అసలు వాటా వడ్డీ వాటాను మించడానికే 12 ఏళ్లు దాటాలి. 20 ఏళ్లూ కడితే చేతి నుంచి వెళ్లేది సుమారు 2 లక్షల 16 వేలు.

ఇప్పుడు అదే పట్టికలో రెండో నెల వరుస చూడాలి. అందులో వడ్డీ 749, అసలు 151. మొదటి ఈఎంఐతో పాటు ఇంకో 151 కట్టేస్తే ఆ వరుస పట్టికలోంచి కొట్టివేసినట్లే. దానిలోని 749 ఇక ఎప్పటికీ కట్టాల్సిన పని లేదు, గడువు ఒక నెల తగ్గుతుంది. పదేళ్లు గడిచాక ఇలాగే ఒక వరుస కొట్టేయాలంటే 367 కావాలి, తప్పే వడ్డీ 533. చివరి ఏడాది మొదట్లో అయితే 820కి పైగా పెట్టి తప్పించుకునేది 77. ముందస్తు చెల్లింపు గురించి తెలుసుకోవాల్సిన విషయంలో ముప్పాతిక వంతు ఈ మూడు వరుసల్లోనే ఉంది. తొలి ఏళ్లలో కట్టే చిన్న మొత్తం చేసే పని, ఆఖరి ఏళ్లలో పెద్ద మొత్తం కూడా చేయలేదు. జీతం పెరిగాక, పిల్లలు పెద్దయ్యాక, చేతిలో బాగా డబ్బు ఆడినప్పుడు ఒకేసారి కట్టేద్దామని ఆగేవారు నష్టపోయేది ఇక్కడే. మొదటి ఏడాది చివర 10 వేలు అదనంగా కడితే ఆదా అయ్యే వడ్డీ సుమారు 35 వేలు. అదే 10 వేలు పదో ఏడాది చివర కడితే 12 వేలు.

నెలనెలా కట్టే చిన్న అదనమూ తక్కువదేమీ కాదు. 900 ఈఎంఐకి మరో 90 కలిపి కడుతూ పోతే 20 ఏళ్ల రుణం 15 ఏళ్ల 10 నెలల్లో తీరిపోతుంది. అదనంగా కట్టింది మొత్తం 17 వేలు, ఆదా అయిన వడ్డీ 28 వేలు. ఏటా ఒక్క ఈఎంఐ ఎక్కువ కట్టినా దాదాపు మూడున్నరేళ్లు తగ్గుతాయి. ఇక ఆదాయం పెరిగే కొద్దీ ఈఎంఐని ఏటా 5 శాతం పెంచుకుంటూ వెళ్లగలిగితే అదే రుణం 12 ఏళ్లకే దాదాపు పూర్తవుతుంది. ఈ చివరి దారిలో ఒక సౌకర్యం ఉంది. ఇప్పటికే అలవాటైన ఖర్చులో కోత పెట్టనక్కర్లేదు, కొత్త ఖర్చు అలవాటు చేసుకోకపోతే చాలు. ఉన్న సుఖాన్ని వదులుకోవడం కంటే ఇంకా రుచి చూడని సుఖాన్ని కొన్నాళ్లు ఆపుకోవడం ఎవరికైనా తేలిక.

పొదుపు ఎక్కడ పండుతుంది

ఇంటి ఖర్చుల్లో కొన్ని ఒక్కసారి నిర్ణయిస్తే ఏళ్ల తరబడి నెలనెలా పోతూనే ఉంటాయి. ఎన్ని వాహనాలు, ఎంత పెద్దవి, ఏ బీమా, ఏ ఇంటర్నెట్ ప్లాను, ఎన్ని చందాలు, పని చేసే చోటికి ఎంత దూరం, ఇవన్నీ ఆ కోవలోవి. మరికొన్ని ఖర్చులు రోజూ నిర్ణయించుకోవాల్సినవి. కుటుంబాలు ఎక్కువగా రెండో రకం మీదే పడతాయి, ఎందుకంటే అవి కళ్లెదుట కనిపిస్తాయి. రోజూ తాగే టీ దగ్గర గొడవ జరుగుతుంది. వారానికి రెండుసార్లు కూడా తీయని రెండో కారు గురించి ఎవరూ మాట్లాడరు. ఆ కారు నిలబడి ఉన్నా దాని విలువ తగ్గుతూనే ఉంటుంది, బీమా కట్టాలి, టైర్లు, బ్యాటరీ పాతబడతాయి. దాన్ని అమ్మడానికి ఒక్కరోజు మనసు గట్టి చేసుకుంటే సరిపోతుంది, టీ మానడానికి రోజూ గట్టి చేసుకోవాలి. ఏళ్ల తరబడి నడవాల్సిన ప్రయత్నంలో మనసుకు రోజూ పరీక్ష పెట్టే పద్ధతులు ఎక్కువ కాలం నిలవవు. అందుకే మొదట మొదటి రకం ఖర్చుల పని పట్టడం మంచిది. బ్యాంకు ఖాతా నుంచి, కార్డు నుంచి దానంతట అదే పోతున్న ప్రతి మొత్తాన్నీ ఒక కాగితం మీద రాసి, దేన్ని వాడుతున్నారో, దేన్ని మరచిపోయారో తేల్చుకుంటే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

రోజువారీ ఖర్చుల్లో కూడా ఏది పెద్దదో అంచనాకు దొరకదు, లెక్కకు దొరుకుతుంది. విద్యుత్తునే చూడండి. గదిలోంచి బయటికి వస్తూ లైటు ఆర్పలేదని పిల్లల్ని కోప్పడే ఇళ్లు ఎన్నో. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చడానికి 110 గంటలకు పైగా పడుతుంది. అదే 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడి చేయడానికి సుమారు 0.6 యూనిట్ కావాలి, అంటే ఒక మనిషి స్నానానికి కాచే నీటి కరెంటుతో ఆ బల్బు 60 గంటలకు పైగా వెలుగుతుంది. వేడి చేసేవి, చల్లబరిచేవి మీటరును తిప్పుతాయి. వెలుతురు ఇచ్చేవి, మోగేవి అంతగా తిప్పవు. నీళ్ల హీటరు ఎంతసేపు వేసి ఉంచుతున్నారు, ఏసీ ఎన్ని డిగ్రీల మీద నడుస్తోంది, ఫ్రిజ్ తలుపు రబ్బరు సరిగా పడుతోందా అన్నవి చూసుకున్నాక లైట్ల సంగతి పెద్దగా పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో మాటామాటా పెరిగేది తగ్గుతుంది కూడా.

వంటింటి విషయంలో ధర తక్కువ సరుకు వెతకడం కంటే కొన్నది పారేయకుండా చూడటం వల్ల వచ్చే లాభం ఎక్కువ. బజారుకు వెళ్లే ముందు ఫ్రిజ్ కింది అరలో, వెనక వైపు ఏముందో తీసి చూడాలి. సగం వాడి మూత పెట్టిన డబ్బాలు, వడలిపోవడం మొదలైన ఆకుకూర, మొన్నటి వంటలో మిగిలినది, ఇవన్నీ ముందుకు తెచ్చి పెట్టి, వచ్చే రెండు రోజుల వంట వాటితోనే అనుకున్నాక సరుకుల చీటీ రాయాలి. చీటీ చిన్నదవుతుంది. పెద్ద ప్యాకెట్ చవకని కొనేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి: పాడయ్యేలోగా ఇంట్లో అది పూర్తవుతుందా? కాకపోతే అది చవక కాదు.

కొన్ని పొదుపులు మాత్రం ఇల్లు కొన్నవారికి ప్రమాదకరం. పైకప్పులో సన్నటి చెమ్మ కనిపించినప్పుడు మరమ్మతు వచ్చే ఏడాదికి నెట్టడం, పంటి నొప్పికి మాత్రలతో నెట్టుకురావడం, వాహనానికి నూనె మార్పించకపోవడం, ఆరోగ్య బీమా ఆపేసి ఆ ప్రీమియం అప్పుకు కట్టడం ఇలాంటివే. చెమ్మ లోపలికి దిగి ఇనుము తుప్పు పట్టాక అయ్యే ఖర్చు, అంతవరకు మిగిల్చిన వడ్డీని ఒక్క దెబ్బతో మింగేస్తుంది. ఇంటిని కాపాడుకోవడానికి పెట్టే ఖర్చు పొదుపుకు విరుద్ధం కాదు, ఆ అప్పు చేసిందే ఆ ఇంటి కోసం.

ఏడాదికోసారి వచ్చి మీద పడే ఖర్చులు కూడా పథకాన్ని చెడగొడతాయి. బీమా ప్రీమియం, ఇంటి పన్ను, చదువుల ఫీజులు, దూరప్రయాణాలు ఏ నెలలో వస్తాయో ముందే తెలుసు. అయినా ఆ నెల వచ్చేసరికి అవి అనుకోని ఖర్చుల్లా కనిపిస్తాయి, ముందస్తు చెల్లింపు ఆగిపోతుంది, కొన్నిసార్లు కార్డు మీద అప్పు కూడా పడుతుంది. వాటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో పక్కన పెడితే ఏ నెలా మిగతా నెలల కంటే బరువుగా ఉండదు.

ఖాతా నుంచి అసలు దాకా

ఇంత చేసి మిగిల్చింది ఎప్పుడు, ఎలా అప్పుకు చేరాలన్నదే ఇక మిగిలిన విషయం. నెలాఖరున ఏమైనా మిగిలితే కడదామనుకుంటే ఏమీ మిగలదు. జీతం పడిన మరునాడే అదనపు మొత్తం రుణ ఖాతాకు దానంతట అదే బదిలీ అయ్యేలా ఏర్పాటు చేసుకోవాలి. ఏ ఖర్చు తగ్గినా, ఆ బదిలీ మొత్తం అదే రోజు అంత పెరగాలి. ఫోను ప్లాను మార్చి నెలకు కొంత మిగిల్చినవారు ఆ సాయంత్రమే బదిలీని ఆ మేరకు పెంచకపోతే, వచ్చే నెలకల్లా ఆ మిగులు ఎటు పోయిందో చెప్పలేరు. వాహన రుణం తీరిపోయిన నెల మరీ ముఖ్యం. అప్పటిదాకా ఆ వాయిదా సొమ్ము చేతిలో లేకుండానే ఇల్లు నడిచింది కాబట్టి దాన్ని యథాతథంగా గృహరుణానికి మళ్లిస్తే ఎవరికీ లోటు తెలియదు. ఒక్క నెల ఆలస్యం చేస్తే ఇంటి ఖర్చు దాన్ని తనలో కలిపేసుకుంటుంది.

డబ్బు పంపడంతో పని పూర్తి కాదు. అదనంగా వచ్చిన సొమ్మును కొన్ని బ్యాంకులు వచ్చే నెల వాయిదాకు ముందస్తు జమగా ఉంచుతాయి, లేదా గడువు అలాగే ఉంచి ఈఎంఐని తగ్గిస్తాయి. రెండింటిలోనూ ఆదా అనుకున్నంత రాదు. ఈ మొత్తం అసలుకే జమ కావాలి, ఈఎంఐ మారకుండా గడువు తగ్గాలి అని రాతపూర్వకంగా అడగాలి. మరుసటి నెల స్టేట్‌మెంట్‌లో అసలు నిల్వ మామూలు తగ్గుదలతో పాటు ఆ మేరకు కూడా తగ్గిందో లేదో చూసుకోవాలి.

వడ్డీ మారే ఫ్లోటింగ్ రుణాల్లో ఇంకో సంగతి గమనించాలి. రేటు పెరిగినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐని కదపకుండా గడువును పెంచుతాయి. కట్టే మొత్తం మారలేదు కనుక రుణగ్రహీతకు ఏమీ తెలియదు. పై ఉదాహరణలో రుణం తీసుకున్న కొత్తలోనే వడ్డీ 9 నుంచి 10 శాతానికి పెరిగి, ఈఎంఐ 900 దగ్గరే ఉంటే 240 నెలల గడువు 314 నెలలవుతుంది. ఆరేళ్లకు పైగా కొత్త బాధ్యత ఒక్క ఎస్ఎంఎస్‌తో వచ్చి పడుతుంది. రేటు 10.8 శాతానికి చేరితే ఆ ఈఎంఐ అంతా వడ్డీకే పోతుంది, అసలు తగ్గదు. కాబట్టి రేటు మారిందని సందేశం వచ్చిన ప్రతిసారీ గడువు ఎంతయిందో అడిగి తెలుసుకుని, వీలైనంత మేర ఈఎంఐనే పెంచమనాలి. రేటు తగ్గినప్పుడు పాత ఈఎంఐనే కడుతూ పోతే, ఏ త్యాగమూ లేకుండా ముందస్తు చెల్లింపు జరిగిపోతుంది.

ముందుగా కట్టినందుకు రుసుము ఉందా అన్నది దేశాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు గృహరుణాలపై అలాంటి రుసుము వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించింది. బ్రిటన్‌లో స్థిర వడ్డీ కాలంలో ఏటా మిగిలిన అప్పులో 10 శాతం వరకు రుసుము లేకుండా కట్టనివ్వడం ఎక్కువ బ్యాంకుల పద్ధతి. జర్మనీలో స్థిర వడ్డీ రుణాన్ని, మొత్తం సొమ్ము అందిన 10 ఏళ్ల తర్వాత ఆరు నెలల నోటీసుతో పరిహారం లేకుండా ముగించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. ఒప్పందంలో ఈ ఒక్క నిబంధన చదవకుండా పెద్ద మొత్తం కట్టకూడదు.

ముందు కట్టకూడని సందర్భాలు

ముందుగా కట్టడం మంచిదే అయినా, అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అది కాదు. ఏడాదికి 30 శాతం, అంతకు పైన కూడా వడ్డీ పడే క్రెడిట్ కార్డు బాకీ ఉండగా 9 శాతం గృహరుణాన్ని ముందుగా తీర్చడం వల్ల నష్టమే. అత్యవసర నిధి లేకుండా కట్టడం ఇంకా పెద్ద పొరపాటు. గత ఏడాది ఎంత అదనంగా కట్టినా, ఉద్యోగం పోయిన నెలలో బ్యాంకు మామూలు ఈఎంఐని మామూలుగానే అడుగుతుంది. ముందు కట్టింది గుర్తుచేసినా ఆ నెల మినహాయింపు దొరకదు. అసలుకు చేరిన డబ్బును వెనక్కి తీసుకోవడం చాలా రుణాల్లో కుదరదు, కుదిరినా కొత్త రుణం అడిగినంత పని. కనీసం మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చూ ఈఎంఐలూ కలిపి చేతికందేలా ఉన్నాకే అదనపు చెల్లింపు మొదలుపెట్టాలి. సేవింగ్స్ నిల్వను అప్పులోంచి తీసేసి మిగతాదానికే వడ్డీ వేసే ఆఫ్‌సెట్ తరహా ఖాతాలు దొరికే చోట ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. డబ్బు చేతిలోనే ఉంటుంది, వడ్డీ మాత్రం తగ్గుతుంది. అయితే వాటి వడ్డీ రేటు కాస్త ఎక్కువగా ఉండొచ్చు, చేతికందే డబ్బును ముట్టుకోకుండా ఉండగల నిగ్రహమూ కావాలి.

వడ్డీ బాగా తక్కువగా, స్థిరంగా ఉన్న రుణాల లెక్క కూడా వేరు. అదే లక్ష, అదే 20 ఏళ్లు, 4 శాతం వడ్డీ అయితే ఈఎంఐ 606. దానికి పదో వంతు అదనంగా కట్టినా ఆదా అయ్యే వడ్డీ 6,600కు మించదు, తగ్గే గడువు 32 నెలలు. అలాంటి చోట పదవీ విరమణ నిధికి, ముఖ్యంగా యజమాని కూడా వాటా కలిపే పథకం ఉంటే దానికి, ముందు డబ్బు వెళ్లాలి. 9 శాతం రుణంలో మాత్రం అసలుకు కట్టిన ప్రతి మొత్తమూ నికరంగా 9 శాతం సంపాదించినట్లే. పన్ను రాయితీలు ఉంటే ఆ మేరకు ఈ లాభం తగ్గుతుంది. అయినా ఒడిదొడుకులు లేకుండా, కచ్చితంగా అంత రాబడి ఇచ్చే మదుపు సామాన్య కుటుంబానికి మరోచోట దొరకడం కష్టం.

మరో హద్దు కాగితం మీద కనిపించదు. ఇంట్లో ఒకరే లెక్కలు వేసి, మిగతావారి చేత పాటింపజేసే పొదుపు రెండేళ్లకు మించి సాగదు. భార్యాభర్తలిద్దరికీ, వయసొచ్చిన పిల్లలకీ రుణ పట్టిక తెలియాలి, ఈ నెల కట్టింది ఏ వరుసను కొట్టేసిందో చూపించాలి. ప్రతి ఒక్కరికీ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని కొంత డబ్బు చేతిలో ఉండాలి. అది దుబారా కాదు. దానివల్ల గడువు మూడు నాలుగు నెలలు పెరిగినా పెరగనివ్వాలి. నోరు కట్టుకుని ఐదేళ్లు గడిపి ఆరో ఏట విసిగి అన్నీ వదిలేసిన ఇంటి కంటే, నెమ్మదిగా పదమూడేళ్లు కట్టిన ఇంటికే అప్పు ముందుగా తీరుతుంది.

రుణం చివరి రెండు మూడేళ్లకు వచ్చాక తొందర తగ్గించుకోవచ్చు. పై ఉదాహరణలో ఆఖరి ఏడాది కట్టే 10,800లో వడ్డీ 500 మాత్రమే. అప్పటికి అదనపు డబ్బును పిల్లల చదువుకో, విరమణ నిధికో మళ్లించడం వల్ల పోయేది పెద్దగా ఉండదు. ఆఖరి వాయిదా కట్టాక కొన్ని కాగితాలు చేతికి రావాలి: బాకీ లేదన్న ధ్రువపత్రం, బ్యాంకు దగ్గరున్న అసలు దస్తావేజులు, రిజిస్టరులో తనఖా రద్దయినట్లు నమోదు. దస్తావేజుల జాబితాను రుణం తీసుకున్న నాటి రసీదుతో ఒక్కొక్కటిగా సరిచూసుకుని తీసుకోవాలి, రుణ చరిత్ర నివేదికలో ఖాతా మూసినట్లు పడిందో లేదో ఒకటి రెండు నెలల తర్వాత చూడాలి. తనఖా రద్దు నమోదు కాని ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు అప్పు ఎప్పుడో తీరినా కాగితాల్లో తీరనట్లే ఉంటుంది. ఏళ్ల తర్వాత దాన్ని సరిచేయించుకోవడం కంటే ఆ నెలలోనే వెంటపడి పూర్తి చేయించుకోవడం తేలిక.